గర్భసంచి తీయకముందే అడగాల్సిన ప్రశ్న: ఎండోమెట్రియోసిస్ నొప్పికి వైద్యం ఎక్కడ మొదలవ్వాలి

2019-21 నాటి ఐదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కల్లో 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తం మీద నూటికి ముగ్గురుంటే, ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు తొమ్మిదిమంది ఉన్నారు. రాష్ట్రాలన్నింటిలోకీ ఇదే ఎక్కువ. ఎందుకు తీయించుకోవాల్సి వచ్చిందని అడిగినప్పుడు దేశవ్యాప్తంగా సగానికి పైగా స్త్రీలు చెప్పిన కారణం నెలసరిలో అధిక రక్తస్రావం, లేదా నొప్పి. నొప్పి ఒక లక్షణం మాత్రమే. దాని వెనుక గడ్డలుండవచ్చు, ఇన్ఫెక్షన్ ఉండవచ్చు, గర్భసంచి కండరంలోకే పొర చొచ్చుకుపోయే అడినోమయోసిస్ ఉండవచ్చు, ఆ పొరలాంటి కణజాలమే గర్భసంచి వెలుపల పెరిగే ఎండోమెట్రియోసిస్ ఉండవచ్చు. ఒక్కోదానికి ఒక్కో వైద్యం. కాబట్టి జబ్బుకు పేరు పెట్టకముందే అవయవాన్ని తీసేయడం వైద్యంలో చివరి మెట్టును మొదటి మెట్టుగా ఎక్కడమే.

నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో ఈ నొప్పికి మందులు దొరకని పరిస్థితి లేదు. నెల్లూరు దర్గామిట్టలోని పెద్దాసుపత్రి, ఒంగోలులో జనం ఇప్పటికీ రిమ్స్ అనే పిలుచుకునే సర్వజన ఆసుపత్రి, రెండూ వైద్య కళాశాలలకు అనుబంధంగా నడిచేవే. రెండింటిలోనూ స్త్రీల వ్యాధుల విభాగాలున్నాయి. నెల్లూరు నుంచి మద్రాసు సుమారు 175 కిలోమీటర్లే కనుక స్తోమత ఉన్నవారు రైలెక్కి అక్కడికీ వెళ్తారు. అసలు ఆలస్యం ఇంట్లోనే మొదలై, ఊళ్ళోని ఆర్ఎంపీ దగ్గర కొన్నేళ్ళు ఆగి, స్కానింగ్ సెంటర్‌లో 'అంతా నార్మలే' అన్న కాగితంతో మళ్ళీ ఇంటికే చేరుతుంది. ఎండోమెట్రియోసిస్ బయటపడడానికి 4 నుంచి 12 ఏళ్ళు పడుతోందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. పదిహేనేళ్ళకు నొప్పి మొదలైన పిల్లకు జబ్బు పేరు తెలిసేసరికి పెళ్ళయి, పిల్లలు కలగలేదన్న మాట కూడా పడుతూ ఉండవచ్చునన్నమాట.

గర్భసంచి లోపలి గోడకు నెలనెలా ఒక మెత్తటి పొర పెరుగుతుంది; గర్భం నిలవకపోతే అది రాలి నెలసరి రక్తంతో బయటికి పోతుంది. దాదాపు అలాంటి కణజాలమే గర్భసంచికి వెలుపల, అంటే అండాశయాల మీద, గర్భసంచికీ పెద్దపేగు చివరి భాగానికీ మధ్యనున్న లోతైన సందులో, ఒక్కోసారి పేగు మీదా మూత్రాశయం మీదా పెరగడమే ఎండోమెట్రియోసిస్. గర్భసంచి పొరను పెంచే ఈస్ట్రోజన్ హార్మోన్‌కు ఈ కణజాలపు మచ్చలు కూడా స్పందిస్తాయి. వాటి చుట్టూ వాపు పుడుతుంది, కాలం గడిచేకొద్దీ పక్కపక్క అవయవాలు అతుక్కుపోతాయి, నొప్పిని మోసే నరాలు కొత్తగా మొలుస్తాయి. అండాశయంలో పాత రక్తం నిలిచి ముదురు గోధుమరంగులో చిక్కబడితే దాన్ని 'చాక్లెట్ సిస్ట్' అంటారు. మన వాడుకలో పీసీఓడీకి వచ్చేవీ ఇవీ అన్నీ 'నీటి బుడగలే' అయిపోతున్నాయి గానీ రెండు జబ్బులూ వేరు, వైద్యమూ వేరు. నెలసరి రక్తంలో కొంత అండవాహికల గుండా వెనక్కి పొట్టలోకి చేరడమే దీనికి మూలమని 1927లో అమెరికా వైద్యుడు జాన్ శాంప్సన్ ప్రతిపాదించాడు. అలా వెనక్కి చేరడం చాలామంది స్త్రీలలో జరిగేదే కనుక, రోగనిరోధక శక్తిలో తేడాలు, వంశపారంపర్యం వంటివి కూడా తోడైతేనే జబ్బుగా మారుతుందని ఇప్పటి అవగాహన. ప్రపంచంలో పునరుత్పత్తి వయసులో ఉన్న స్త్రీలలో సుమారు 10 శాతం, అంటే 19 కోట్లమంది, దీనితో బతుకుతున్నారని అంచనా.

"ముట్టు నొప్పి లేని ఆడపిల్ల యాడుంది? మేం పడలేదా ఏంది? ఒక కాన్పయితే అదే సర్దుకుంటాది." ఓపీ గదిలో కూతురి పక్కన కూర్చున్న తల్లి ఇలా అనడంలో నిర్లక్ష్యం ఏమీ ఉండదు, ఆమెకు తన తల్లి చెప్పిన ధైర్యమే అది. అయితే ఓర్చుకోదగ్గ నెలసరి నొప్పికీ ఈ జబ్బు నొప్పికీ తేడా కనిపెట్టడం మొదటి పరీక్ష. దానికి ఏ యంత్రమూ అక్కర్లేదు. నెలకు ఎన్ని రోజులు బడి మానేస్తోంది? పొగాకు గ్రేడింగ్‌కో రొయ్యల షెడ్డుకో వెళ్ళే ఆవిడైతే ఎన్ని కూలిరోజులు పోతున్నాయి? మాత్ర వేసుకున్నా లేవలేకపోతోందా? నొప్పి నెలసరికి రెండు మూడు రోజుల ముందే మొదలై, అయిపోయిన తర్వాత కూడా మిగులుతోందా? ఆ రోజుల్లో దొడ్డికి వెళ్ళేటప్పుడు, ఒంటికి వెళ్ళేటప్పుడు పొడిచినట్లు ఉంటుందా? పెళ్ళైన స్త్రీ అయితే కలయికలో లోతుగా నొప్పి ఉందా? ఈ ఆఖరి ప్రశ్న అత్తగారి ఎదుట అడిగితే జవాబు రాదు. ఆమెను ఒంటరిగా కూర్చోబెట్టి అడిగిన వైద్యురాలికి మాత్రమే సగం రోగనిర్ధారణ అక్కడికక్కడే చేతికొస్తుంది.

పాలవాడి లెక్క, గ్యాస్ బండ వచ్చిన తేదీ రాసుకునే గోడ క్యాలెండర్ ప్రతి ఇంట్లోనూ ఉంటుంది. నెలసరి మొదలైన రోజున ఒక చుక్క, నొప్పి ఉన్న ప్రతి రోజూ సున్నా నుంచి పది లోపు ఒక అంకె, మాత్ర వేసుకుంటే ఒక గీత, బడో పనో మానేస్తే ఒక ఇంటూ గుర్తు. అలా మూడు నెలలు గుర్తులు పెట్టుకున్న కాగితాన్ని మడిచి ఆసుపత్రికి తీసుకెళ్తే, ఐదు నిమిషాల ఓపీలో మాటల్లో చెప్పలేనిది వైద్యుడికి ఒక్క చూపులో అర్థమవుతుంది. ఉమ్మడి ప్రకాశం పడమటి మండలాల్లో దీని అవసరం ఇంకా ఎక్కువ. ఫ్లోరైడ్ నీళ్ళ పేరు మోగిన కనిగిరి ప్రాంతంలో నడుం నొప్పి అనగానే ఫ్లోరైడ్ ఖాతాలో వేసేసే అవకాశం ఉంది. ఫ్లోరైడ్ నొప్పి తేదీలు చూసుకుని రాదు. నెలసరితో పెరిగి నెలసరితో తగ్గే నడుం నొప్పి సంగతి క్యాలెండరే చెప్పేస్తుంది.

స్కానింగ్ గురించి ఒక అపోహ తొలగాలి. స్కానింగ్‌లో చాక్లెట్ సిస్ట్ కనిపిస్తే జబ్బు ఉన్నట్లే. ఏమీ కనిపించకపోతే లేదని మాత్రం చెప్పలేం. పొట్ట లోపలి పొర మీద చిన్న చిన్న మచ్చలుగా ఉండే రకం సాధారణ స్కానింగ్‌కు అందదు. పైగా మచ్చలు తక్కువున్న స్త్రీకి భరించలేని నొప్పి ఉండవచ్చు, జబ్బు బాగా ముదిరిన నాలుగో దశలో ఉన్నామెకు నొప్పే తెలియకపోవచ్చు. దశకూ బాధకూ నేరుగా లంకె లేదు. యోని ద్వారా చేసే స్కాన్ వివరంగా చూపిస్తుంది కానీ పెళ్ళికాని పిల్లలకు మన దగ్గర దాన్ని చేయరు. అలాంటప్పుడు అవసరాన్ని బట్టి ఎమ్ఆర్ఐ ఉంది. సీఏ-125 రక్తపరీక్ష రాసిచ్చి దాన్ని బట్టి జబ్బు ఉందనో లేదనో తేల్చడం సరికాదు. చాలా ఇతర కారణాలకూ అది పెరుగుతుంది, జబ్బు ఉన్నా పెరగకపోవచ్చు. ఒకప్పుడు పొట్టకు చిన్న రంధ్రాలు పెట్టి కెమెరాతో చూస్తే, అంటే లాప్రోస్కోపీ చేస్తే తప్ప నిర్ధారణ కాదనేవారు. 2022లో యూరప్ సంతానసాఫల్య వైద్యుల సంఘం వెలువరించిన మార్గదర్శకాలు ఆ పట్టుదలను వదిలేశాయి: లక్షణాలు సరిపోలితే ముందు మందులు మొదలుపెట్టవచ్చు, అవి పనిచేయనప్పుడో స్కాన్‌లో ఏమీ తేలనప్పుడో లాప్రోస్కోపీ ఆలోచించవచ్చు. పెద్ద నగరానికి దూరంగా ఉండే జిల్లాల స్త్రీలకు ఈ మార్పు చాలా మేలు చేసేది. గిద్దలూరు నుంచి ఒంగోలు రావాలంటేనే వంద కిలోమీటర్లకు పైగా ప్రయాణం. ఆపరేషన్ కుదిరేదాకా ఉపశమనం వాయిదా పడాల్సిన పని లేదు.

మందుల్లో మొదట వచ్చేవి నొప్పి మాత్రలు. నెలసరి నొప్పికి ప్రోస్టాగ్లాండిన్లనే రసాయనాలు కారణం; ఐబుప్రోఫెన్, నాప్రోక్సెన్, మెఫెనమిక్ యాసిడ్ వంటివి వాటి తయారీని ఆపుతాయి. తయారీని ఆపేవి కనుకే నొప్పి బాగా ముదిరాక వేసుకుంటే పెద్దగా పనిచేయవు. నొప్పి తల ఎత్తుతున్నప్పుడే, అన్నం తిన్న తర్వాత, వైద్యుడు చెప్పిన మోతాదులో రెండు మూడు రోజులు వరసగా వాడితేనే ఫలితం. కడుపులో పుండు, మూత్రపిండాల జబ్బు, ఆస్తమా ఉన్నవారు ఇవి వాడేముందు ఆ మాట చెప్పి తీరాలి. మెడికల్ షాపులో 'ముట్టు నొప్పి మాత్ర' అని అడిగితే చీటీ లేకుండానే చేతికొచ్చే మెఫెనమిక్ యాసిడ్ గురించి భారత ఫార్మకోపియా కమిషన్ 2023 చివరలో ఒక హెచ్చరిక జారీ చేసింది: అరుదుగానైనా, మందు మొదలుపెట్టిన కొన్ని వారాల్లో జ్వరం, ఒంటినిండా దద్దుర్లు, గ్రంథుల వాపుతో కూడిన తీవ్రమైన ప్రతిచర్య రావచ్చు. భయపడి మందు మానేయమని దాని అర్థం కాదు. దద్దుర్లతో జ్వరం వస్తే మాత్ర ఆపి వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి.

నొప్పి మాత్రలు జబ్బును ఏమీ చేయవు. మచ్చలకు మేత వేసే హార్మోన్ల హెచ్చుతగ్గులను అణిచేది హార్మోన్ వైద్యం. ఇక్కడే కుటుంబాలు తడబడతాయి. పదిహేడేళ్ళ పిల్లకు గర్భనిరోధక మాత్ర రాస్తే తల్లి ముఖం మారిపోతుంది. షాపులో ఎవరైనా చూస్తే ఏమనుకుంటారో, రేపు పిల్లలు పుట్టరేమో అన్న రెండు భయాలు ఒకేసారి కమ్ముకుంటాయి. రెండో భయానికి వైద్యశాస్త్రంలో ఆధారం లేదు: మాత్రలు వాడుతున్నంత కాలం అండం విడుదల ఆగుతుంది, ఆపాక మళ్ళీ మొదలవుతుంది. మొదటి భయానికి వైద్యురాలు వాడే మాటే మందు. 'ఇది నీ నెలసరి నొప్పిని అదుపులో ఉంచే హార్మోన్ మాత్ర' అని చెప్పి, ఎందుకిస్తున్నారో తల్లికి విప్పి చెబితే చాలా ఇళ్ళలో అభ్యంతరం అక్కడితో ఆగిపోతుంది. ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో ఉచితంగా ఇచ్చే మాలా-ఎన్ కూడా ఈస్ట్రోజన్, ప్రొజెస్టిన్ అనే రెండు హార్మోన్లు కలిసిన మాత్రే. అయితే రక్తపోటు, రక్తం గడ్డకట్టే జబ్బు, కళ్ళ ముందు మెరుపులతో వచ్చే మైగ్రేన్ ఉన్నవారికి ఈ రకం మాత్రలు పనికిరావు కాబట్టి వైద్యుణ్ణి అడగకుండా మొదలుపెట్టకూడదు.

ప్రొజెస్టిన్ ఒక్కటే ఉండే మందుల్లో ఇప్పుడు ఎక్కువగా రాసేది డైనోజెస్ట్. రోజుకు 2 మిల్లీగ్రాములు, ఒకే వేళకు, మధ్యలో ఆపకుండా వాడాలి. మొదటి నెలల్లో అప్పుడింత ఇప్పుడింత రక్తపు మరకలు కనిపించడం మామూలే. ఆ సంగతి ముందుగా చెప్పని చోట 'ఈ మందు పడలేదు' అని రెండో నెలలోనే ఆపేస్తారు, నొప్పి తిరగబడుతుంది, 'హార్మోన్లు పనిచేయలేదు' అన్న ముద్ర కాగితాల్లోకి ఎక్కుతుంది, తర్వాతి మాట గర్భసంచి ఆపరేషనే అవుతుంది. మందు విఫలమైందో, వాడకమే విఫలమైందో విడదీసి చూడకపోవడం మన ప్రాంతంలో జరుగుతున్న పెద్ద పొరపాటు. మనసు దిగులుగా ఉండడం, తలనొప్పి కూడా కొందరిలో కనిపిస్తాయి. ఇబ్బంది పెడితే మందు మార్చాలి, చెప్పకుండా మానేయకూడదు. మూడు నెలలకోసారి వేసే ఇంజెక్షన్, ప్రభుత్వ కుటుంబ నియంత్రణ కార్యక్రమంలో 'అంతర' పేరుతో ఉన్నది, మరొక దారి. అయితే ఆపిన తర్వాత మళ్ళీ గర్భం నిలవడానికి సమయం పడుతుంది కనుక త్వరలో పిల్లలు కావాలనుకునేవారికి నప్పదు. గర్భసంచిలో అమర్చే హార్మోన్ పరికరం ఏళ్ళ తరబడి పనిచేస్తుంది. ల్యూప్రోలైడ్ వంటి ఇంజెక్షన్లు శరీరాన్ని తాత్కాలికంగా ముట్లుడిగిన స్థితికి తీసుకెళ్ళి నొప్పిని బాగా తగ్గిస్తాయి గానీ వేడి ఆవిర్లు, ఎముకలు పలచబడడం ఉంటాయి. అందుకే ఆరు నెలలకు మించి వాడాలంటే ఎముకలను కాపాడే కొద్దిపాటి హార్మోన్‌ను తోడుగా ఇస్తారు.

శస్త్రచికిత్స ఎప్పుడు? మందులకు లొంగనప్పుడు, చాక్లెట్ సిస్ట్ పెద్దదై నొప్పి పెడుతున్నప్పుడు, పేగునో మూత్రనాళాన్నో జబ్బు నొక్కుతున్నప్పుడు. లాప్రోస్కోపీతో మచ్చలను కోసి తీస్తారు, అతుకులు విడదీస్తారు. సిస్ట్‌లో ద్రవం పీల్చి వదిలేస్తే మళ్ళీ నిండుతుంది కనుక దాని గోడనూ ఒలిచి తీయాలి. అలా ఒలిచేటప్పుడు పక్కనున్న మంచి అండాలు కొన్ని పోతాయి కనుక పిల్లలు కావాలనుకునేవారు అండాల నిల్వ ఎంతుందో చెప్పే ఏఎంహెచ్ రక్తపరీక్ష చేయించుకుని, లాభనష్టాలు మాట్లాడుకున్నాకే బల్ల ఎక్కాలి. పేగు దాకా పాకిన జబ్బుకు స్త్రీల వైద్య నిపుణులతోపాటు పేగు శస్త్రవైద్యులూ ఉండే చోటు కావాలి. అలాంటి కేసులో మద్రాసుకో గుంటూరుకో వెళ్ళిన ప్రయాణ ఖర్చు దండగ కాదు, సగం చేసి మూసిన ఆపరేషనే అసలు దండగ. 'ఇలాంటివి ఏడాదికి ఎన్ని చేస్తారు, పేగు మీద కనిపిస్తే ఏం చేస్తారు, తర్వాత ఏ మందు ఎన్నాళ్ళు వాడాలి' అని అడగడం మర్యాద తప్పడం కాదు, రోగి హక్కు. రేషన్ కార్డు ఉన్నవారు ఎన్టీఆర్ వైద్య సేవ కింద ఏ ఆపరేషన్ వస్తుందో, ఏ ఆసుపత్రికి అనుమతి ఉందో పథకం కౌంటర్‌లో ముందే కనుక్కోవాలి. ఆపరేషన్‌తో కథ ముగియదు. ఆ తర్వాత మందు వాడకపోతే ఐదేళ్ళలో సగం మంది దాకా జబ్బు తిరిగి రావచ్చు, వాడితే ఆ ముప్పు బాగా తగ్గుతుంది.

గర్భసంచి తీసివేతకు ఈ వైద్యంలో చోటే లేదని కాదు. పిల్లలు చాలనుకున్న స్త్రీకి, మిగతావన్నీ సరిగా వాడి చూసినా తగ్గనప్పుడు, ముఖ్యంగా అడినోమయోసిస్ కూడా ఉన్నప్పుడు, అది నిజంగా విముక్తి ఇవ్వగలదు. కానీ ఎండోమెట్రియోసిస్ గర్భసంచి వెలుపల ఉండే జబ్బు. సంచి తీసి, వెలుపలి మచ్చలను అలాగే వదిలేస్తే నొప్పి మిగిలిపోవచ్చు. పనిలో పనిగా అండాశయాలను కూడా తీస్తే ముప్పై అయిదేళ్ళ స్త్రీకి ఒక్కరోజులో ముట్లుడిగిపోతాయి. ఎముకలు, గుండె, నిద్ర, మనసు అన్నింటి మీదా దాని దెబ్బ పడుతుంది. అనవసర గర్భసంచి ఆపరేషన్లను ఆపడానికి కేంద్ర ఆరోగ్యశాఖ 2022లో మార్గదర్శకాలు ఇచ్చింది, వాటిని అమలు చేయాలని 2023లో సుప్రీంకోర్టు రాష్ట్రాలను ఆదేశించింది. జిల్లా స్థాయి పర్యవేక్షణ కమిటీలు అందులో భాగమే. తొమ్మిది శాతం దగ్గరున్న రాష్ట్రంలో ఆ కమిటీలు కాగితం మీద ఉంటే సరిపోదు.

సిజేరియన్ మచ్చ విషయం క్లుప్తంగానైనా చెప్పాలి, ఎందుకంటే మన రాష్ట్రంలో, మొదట చెప్పిన కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, కాన్పుల్లో 42 శాతం సిజేరియన్లే. కుట్టు పక్కన చిన్న గడ్డ తగలడం, నెలసరి రోజుల్లో అది ఉబ్బి సలపడం, తర్వాత తగ్గడం జరుగుతుంటే అది కుట్టులో చిక్కుకున్న గర్భసంచి పొర కావచ్చు. దాన్ని 'కుట్టు గడ్డ' అనో హెర్నియా అనో అనుకుని ఏళ్ళు గడిపేస్తారు. గడ్డను చుట్టూ ఉన్న కణజాలంతో సహా తీసేస్తే చాలావరకు పూర్తిగా నయమవుతుంది.

నొప్పి ఏళ్ళ తరబడి సాగితే నరాల వ్యవస్థే అతిగా స్పందించడం నేర్చుకుంటుంది, కటి కండరాలు బిగుసుకుపోతాయి. అప్పుడు మచ్చలు తీసినా కొంత నొప్పి ఉండిపోతుంది. కటి కండరాలను వదులు చేసే ఫిజియోథెరపీ, వేడి నీళ్ళ సంచి కాపడం, రోజూ నడక, సరైన నిద్ర ఇక్కడ మందులకు బలమైన తోడు. పెద్దమనిషి అయిన పిల్లకు పెట్టే నువ్వుల చిమ్మిలి, సున్నుండలు మంచి ఆహారమే గానీ ఈ జబ్బుకు మందు కావు. చేపలు వేడి చేస్తాయని నెల్లూరు ఇంట్లో పిల్లకు పులుసు మానిపించనూ అక్కర్లేదు.

'పెళ్ళి చేస్తే తగ్గుతుంది, కాన్పయితే పోతుంది' అన్న మాటను పైన చెప్పిన 2022 మార్గదర్శకాలే సూటిగా కాదన్నాయి: జబ్బు తగ్గడం కోసం గర్భం దాల్చమని ఏ స్త్రీకీ సలహా ఇవ్వకూడదు. గర్భిణిగా ఉన్నప్పుడు ముట్లు ఆగి కొందరికి హాయిగా ఉంటుంది. తర్వాత తిరిగి వస్తుంది. ఈ జబ్బు ఉన్నవారిలో 30 నుంచి 50 శాతం మందికి గర్భం నిలవడంలో ఇబ్బంది ఉంటుందని అంచనా, అంటే మిగతావారిలో చాలామందికి సహజంగానే పిల్లలు కలుగుతారు. పిల్లల కోసం ప్రయత్నిస్తున్న కాలంలో హార్మోన్ మందులు వాడరు కనుక నొప్పికీ సంతానానికీ ప్రణాళిక విడివిడిగా వేసుకోవాలి, అది కూడా భార్యాభర్తలిద్దరూ వైద్యుడి ముందు కూర్చుని.

ఉన్నట్టుండి భరించలేని నొప్పితో వాంతులు, జ్వరం, స్పృహ తప్పడం ఉంటే, లేదా నెల తప్పిన స్త్రీకి తీవ్రమైన నొప్పి వస్తే క్యాలెండర్ చూసుకుంటూ కూర్చోకూడదు; సిస్ట్ మెలిపడడం, పగలడం, గర్భసంచి వెలుపల గర్భం నిలవడం వంటివి గంటల్లో ప్రాణం మీదికి తెస్తాయి కనుక వెంటనే 108కి ఫోన్ చేయాలి.

మిగతా రోజులకు మాత్రం ఆ గోడ క్యాలెండరే కొలబద్ద. మందు మొదలుపెట్టిన మూడు నెలలకు తిరిగి వెళ్ళినప్పుడు 'కాస్త పర్వాలేదు' అన్న మాటకన్నా పాత నెల కాగితం, కొత్త నెల కాగితం పక్కపక్కన పెట్టడం మేలు. నెలకు ఐదు ఇంటూ గుర్తులుండే చోట ఒకటే మిగిలితే అదే మందు సాగించవచ్చు; ఐదూ అలాగే ఉంటే మందు మార్చాలి, మోతాదు చూడాలి, లేదా లాప్రోస్కోపీ గురించి మాట్లాడాలి, గర్భసంచి మాట ఆ తర్వాత వస్తుంది.